గొప్ప రికార్డు తరువాత మరియొక గొప్ప రికార్డు సాధ్యమా?

(సంఘ వార్షికోత్సవ సంగీత సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

సంగీత సభకు ముందు ఉపన్యాసము పెట్టుట, విస్తరి ముందు కూర్చున్న వారికి పాకశాస్త్రము బోధించుట వంటిది. వినువారి చెవులు తంబురా శ్రుతి చేయుచున్న వైపు ఉండును గాని వక్త వైపు ఉండవు. ఆ సంగతి తెలిసియు కార్యదర్శిగారు నాకు ఈ అవకాశము కలిగించినారు. వారి మాట దక్కునట్లును, మీ ఓర్పు చెడకుండునట్లును నాలుగు మాటలు మనవి చేసెదను.

నేను తీసికొన్న ప్రశ్న చిన్నది. ఒక సంగీతకారుడు ఒక్క ఆల్బముతో లోకమును తన వైపు త్రిప్పుకొన్న పిమ్మట, దానికి సాటివచ్చు మరియొక ఆల్బమును ఈయగలడా? ఈయలేకపోయినచో లోపము ఎక్కడ? ఈయగలిగినచో రహస్యమేమి? ప్రశ్న సంగీతకారులదే యైనను అందులో శ్రోతలమైన మన పాత్ర కూడ కొంత యున్నదని నా విశ్వాసము. ఆ సంగతి చివర విన్నవించెదను.

మొదట ఆల్బము అను మాటను చూతము. గ్రామఫోను తొలి దినములలో నిమిషమునకు 78 సార్లు తిరుగు పళ్ళెములు ఉండెడివి. సాధారణముగా వాడుకలో నున్న పది అంగుళముల పళ్ళెమునకు ఒక్క ప్రక్క సుమారు మూడు నిమిషముల సంగీతమే పట్టెడిది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు గంటల తరబడి విస్తరింపదగిన రాగమును ఆ మూడు నిమిషములలోనే ఇముడ్చవలసి వచ్చినది. పెద్ద రచన యైనచో దానిని అనేక పళ్ళెముల మీద ముద్రించి, ఫొటోలు అంటించు పుస్తకము వంటి అట్టల సంపుటిలో పెట్టి అమ్మెడివారు. ఆ సంపుటికే ఆల్బము అని పేరు. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ చుట్లు చుట్టు లాంగ్ ప్లే రికార్డును ప్రవేశపెట్టినది. అట్టల పుస్తకము పోయినది గాని పేరు నిలిచినది. ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా చోటు దొరకినందున విడి పాటల కట్ట కాక, ఒక తలంపుతో మొదలై ఒక తలంపుతో ముగియు కృతిగా ఆల్బమును కూర్చు అవకాశము కలిగినది. అట్టి కృతికే తొలి విజయము, రెండవ విజయము అను చర్చ తగును.

ఇక రెండవది ఏల కష్టము? కారణములు మూడు తోచుచున్నవి.

మొదటి కారణమును మన ఉద్యోగుల భాషలో చెప్పవచ్చును. గాయకుని తొలి గొప్ప ఆల్బము, ఏండ్ల తరబడి ప్రావిడెంటు ఫండులో కూడిన సొమ్ము వంటిది. బాల్యమున విన్న పాటలు, యౌవనమున పడిన కష్టములు, ఎవరును వినని రోజులలో చేసిన సాధన అన్నియు అందులో జమయై యుండును. దానిని ఒక్కమారు తీసి ఖర్చు పెట్టిన పిమ్మట రెండవ ఆల్బమును నెలజీతము మీద నడపవలెను. ఇరువది ఏండ్ల నిలువతో చేసిన పెండ్లిని, మరుసటి ఏడు పండ్రెండు నెలల జీతముతో అంత వైభవముగా చేయుమన్నచో ఎవరి తరము?

రెండవ కారణము లెక్కల శాస్త్రమునకు సంబంధించినది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తును, సంతానపు ఎత్తును పోల్చి ఒక విశేషమును ప్రకటించినాడు. మిక్కిలి పొడగరులైన తల్లిదండ్రుల బిడ్డలు సామాన్యుల కంటె పొడుగే గాని, సగటున తల్లిదండ్రులంత పొడుగు కారు. అసాధారణమైన ఫలితములో సామర్థ్యముతో పాటు కొంత అదృష్టము కూడ కలిసి యుండును. సామర్థ్యము మరునాడును నిలుచును గాని, అదృష్టము అదే పాలున మరల కలిసివచ్చునని నమ్మకము లేదు. ఒక ఏడు పై అధికారి వ్రాసిన నివేదికలో ‘అత్యుత్తమము’ అనిపించుకొన్న గుమాస్తా మరుసటి ఏడు ‘చాల మంచిది’ అనిపించుకొన్నంత మాత్రమున అతడు సోమరియైనాడని తీర్మానింపము గదా. గాయకుని విషయమున మాత్రము మనము వెంటనే తీర్మానించెదము.

మూడవ కారణము కీర్తి. పేరు లేని నాడు గాయకునికి కాలము తన చేతిలో నుండును. పేరు వచ్చిన పిమ్మట ఆ కాలమును ఊరూర సభలు, ఒడంబడికలు, పత్రికలవారు పంచుకొందురు. వీరందరికంటె బలమైన పోటీదారు మరియొకడు కలడు. వాడు ఆ గాయకుని పాత రికార్డే. కొత్త పాటను విను ప్రతివాడును మనసులో పాత పాటను మ్రోగించుకొనుచునే వినును. జ్ఞాపకములో మ్రోగు రికార్డుకు గీతలు పడవు.

ఈ మూడును కలిసినప్పుడు ఏమి జరుగునో తెలియుటకు, ఆల్బము పుట్టి పెరిగిన పాశ్చాత్య దేశముల నుండి కొన్ని నిదర్శనములు చూతము. మన యువతరము ఈ పేర్లను బాగుగ నెరుగును. పెద్దలు వారిని అడిగి వినవచ్చును.

అమెరికా గాయకుడు మైకేల్ జాక్సన్ 1982 నవంబరులో ‘థ్రిల్లర్’ అను ఆల్బమును వెలువరించినాడు. తొమ్మిది పాటలలో ఏడు అక్కడి మొదటి పది పాటల జాబితాలోనికి ఎక్కినవి. 1984లో ఒక్క రాత్రి అతనికి ఎనిమిది గ్రామీ బహుమతులు లభించినవి. అయిదేండ్ల పిమ్మట 1987లో ‘బ్యాడ్’ వెలువడినది. ఆ ఒక్క ఆల్బము నుండి అయిదు పాటలు అమెరికా జాబితాలో ప్రథమ స్థానము నందినవి. అంతకు ముందు ఏ ఆల్బమునకును ఆ గౌరవము దక్కలేదు. మరియొకనికి అది జీవితకాలపు విజయము. జాక్సన్ విషయమున మాత్రము, థ్రిల్లర్ అంత అమ్ముడుపోలేదు గదా అని లోకము పెదవి విరిచినది.

ఈ కథలో మనము తరచు మరచు భాగమొకటి యున్నది. థ్రిల్లర్ అతని తొలి గొప్ప ఆల్బము కాదు. 1979లోనే ‘ఆఫ్ ది వాల్’ అను రికార్డు వచ్చి మంచి పేరు తెచ్చినది. సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్‌తో అతడు కలిసి చేసిన మొదటి ఆల్బము అది. దానికి గ్రామీ సభలో ఒక్క బహుమతి మాత్రమే వచ్చినందుకు జాక్సన్ నొచ్చుకొన్నాడు. ఆ అసంతృప్తితో కూర్చుండి చేసినదే థ్రిల్లర్. అనగా, గొప్ప ఆల్బము తరువాత అంతకు మించినది రాగలదనుటకు థ్రిల్లరే సాక్ష్యము. అదే గాయకుడు, అదే నిర్మాత. 1982లో అతని ముందున్నది తాను ఇంకను చేయవలసిన పని. 1987లో అతని ముందున్నది తాను దాటవలసిన అంకె. సాధకునికి పని మేలుచేసినంతగా అంకె మేలుచేయదు.

పాతదానిని పెంచి చూపుట ఒక మార్గమైనచో, దానికి వెన్ను చూపుట మరియొక మార్గము. ఫ్లీట్‌వుడ్ మాక్ అను బృందము 1977లో ‘రూమర్స్’ అను ఆల్బమును వెలువరించినది. అది అమెరికా జాబితాలో 31 వారములు ప్రథమ స్థానమున నిలిచినది. మరల అటువంటిదే కావలెనని అందరును ఎదురుచూచుచుండగా, బృందములోని గిటారు వాద్యకారుడు లిండ్సే బకింగ్‌హామ్ పాతదానిని తిరిగి వ్రాయుటకు ఒప్పుకొనలేదు. కొన్ని పాటలను తన ఇంటిలోనే విచిత్రమైన ధ్వనులతో రికార్డు చేసినాడు. 1979లో ఇరువది పాటలతో, రెండు రికార్డుల సంపుటిగా ‘టస్క్’ వెలువడినది. దానికి పది లక్షల డాలర్లకు పైగా ఖర్చైనది. రూమర్స్‌తో పోల్చినచో అమ్మకము చాల తక్కువ. నాటి వ్యాపారులు దానిని వైఫల్యమనినారు. ఏండ్లు గడచిన కొలది ఆ బృందపు సాహసమునకు గుర్తుగా దానిని మెచ్చువారి సంఖ్య పెరిగినది. పుట్టిన ఏటనే తీర్పు చెప్పుట ఎంత ప్రమాదమో ఇందువలన తెలియును.

మూడవ మార్గము నాకు అన్నింటికంటె ముఖ్యమని తోచుచున్నది. ఇంగ్లండులోని పింక్ ఫ్లాయిడ్ బృందము 1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అను ఆల్బముతో జగద్విఖ్యాతమైనది. అది వారి ఎనిమిదవ ఆల్బము. రికార్డు రాకముందే 1972 నుండి ఆ రచనను సభలలో వాయించి సానబట్టినారు. లోకమునకు మెరుపుగా కనిపించిన దాని వెనుక ఏండ్ల సాధన, నెలల కచ్చేరీలు ఉన్నవి.

ఆ విజయము తరువాత వారికి ఏమి చేయవలెనో తోచలేదు. వాద్యములను ప్రక్కకు పెట్టి రబ్బరు పట్టీలు, గాజు గ్లాసులు మొదలగు ఇంటి సామానులతో సంగీతము చేయ ప్రయత్నించినారు. కొంతకాలము శ్రమించి దానిని విడిచిపెట్టినారు. మనసులో ఒక శూన్యము. ధనమున్నది, కీర్తి యున్నది, కలిసి వాయించుటలో నుండెడి ఆనందము మాత్రము లేదు. అప్పుడు వారు ఆ శూన్యమునే వస్తువుగా గ్రహించినారు. బృందమును స్థాపించినవారిలో ముఖ్యుడు, తొలి పాటల కర్త సిడ్ బారెట్ మానసిక స్థితి చెడినందున 1968లో బృందమునకు దూరమైనాడు. ఆ మిత్రుని లేమిని, సంగీత వ్యాపారపు కాఠిన్యమును తలచుకొని 1975లో ‘విష్ యూ వర్ హియర్’ అను ఆల్బమును రచించినారు. విడిచిపెట్టిన గాజు గ్లాసుల నాదము కూడ వ్యర్థము కాలేదు. ఈ ఆల్బము ప్రారంభమున అది వినవచ్చును. రికార్డింగు జరుగుచున్న రోజులలోనే బారెట్ స్టూడియోకు వచ్చినాడు. తల, కనుబొమలు గొరిగించుకొని, లావెక్కి యున్న అతనిని మిత్రులు వెంటనే గుర్తింపలేకపోయినారు. గుర్తించిన పిమ్మట కంటతడి పెట్టినారు.

వెలువడిన నాడు ఈ ఆల్బమును గూర్చి విమర్శకులు ఏకాభిప్రాయమునకు రాలేదు. నేడు ముందరి దానికి సాటి యనువారు అనేకులు. ఆ బృందములోని డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్ ఇరువురును తమకు అత్యంత ప్రీతిపాత్రమైనది ఇదే యని చెప్పినారు. వారు పాత విజయమును పెంచి చూపలేదు, దానికి వెన్ను చూపుటతోనే తృప్తిపడలేదు. ఆనాడు తమకు నిజముగా నున్న స్థితిని ఒప్పుకొని దానినే పాడినారు. నెలజీతము చిన్నదైనను, అది తమ కష్టార్జితమే యగుటచే చాలినది.

ఈ మూడు మార్గములును తెరచుకొనని వారును కలరు. అమెరికా గాయని లారిన్ హిల్ 1998లో తన పేరు మీద తొలి ఆల్బమును వెలువరించినది. 1999లో ఆ ఏటి ఉత్తమ ఆల్బము బహుమతితో కలిపి అయిదు గ్రామీలు లభించినవి. 2002లో ఒక సభలో పాడిన పాటలు రికార్డుగా వచ్చినవి గాని, స్టూడియోలో చేసిన రెండవ ఆల్బము పాతికేండ్లు గడచినను రాలేదు. ఆమె మనసులో నేమున్నదో ఊహించు హక్కు మనకు లేదు. ప్రతి తొలి విజయమునకును రెండవది బాకీ యున్నదని భావించుట మాత్రము న్యాయము కాదు. ఒక్క మంచి కృతి ఇచ్చి మౌనము వహించిన కవిని మనము అప్పులవాని వలె చూడము. గాయనిని ఏల చూడవలెను?

ఇంతవరకు పరాయి దేశముల మాట చెప్పితిని. మన తెలుగువారి ఇండ్లలో ఈ ప్రశ్నకు సమాధానము లేదా? చక్కగా నున్నది. మనకు ఆల్బము పాత్రను చాలకాలము సినిమా పాటల రికార్డులే నిర్వహించినవి. గనుక ఒక సినీ సంగీత దర్శకుని తలచుకొందము.

సాలూరి రాజేశ్వరరావుగారు 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రములో బాలకృష్ణుడుగా నటించి పాడినారు. పిమ్మట లలిత గీతముల రికార్డులు ఇచ్చినారు. మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, 1948 నాటి ‘చంద్రలేఖ’కు సంగీతము కూర్చినారు. 1951లో బి.ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’ వచ్చినది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గీతములకు రాజేశ్వరరావుగారు కట్టిన వరుసలను, భానుమతి, ఘంటసాల గాత్రములను నేటికిని మరువనివారెందరో. అంతటి కృతి చేసినవారు ఇక చేయవలసినదేమున్నదని అనుకొనవచ్చును. మూడేండ్లకే 1954లో ‘విప్రనారాయణ’, మరుసటి ఏడు 1955లో ‘మిస్సమ్మ’ వచ్చినవి. ఈ మూడింటిలో ఏది గొప్పది యని అడిగినచో ఈ సభలోనే మూడు పక్షములు లేచును. అంతకంటె సమానత్వమునకు ఋజువేమి కావలెను?

ఇది వారికెట్లు సాధ్యమైనది? ఒకటి, మల్లీశ్వరి నాటికే వారికి సుమారు పదునారేండ్ల అనుభవము కలదు. ఆ ఫండు ఒక్క చిత్రముతో తరుగునది కాదు. రెండు, ప్రతి చిత్రమును వారికి కొత్త నేల చూపినది. మల్లీశ్వరి రాయలనాటి పల్లె ప్రేమకథ. విప్రనారాయణ వైష్ణవ భక్తుని చరిత్ర. మిస్సమ్మ ఆనాటి నిరుద్యోగుల హాస్యగాథ. దానికి పింగళి నాగేంద్రరావుగారి చమత్కారపు పలుకుబడి. కథ మారినప్పుడు పాత వరుసను తిరిగి పాడుటకు వీలులేదు. కథ యొక్క అవసరము ముందు నిలిచినందున, మల్లీశ్వరి రాజేశ్వరరావుగారు అను కీర్తి వెనుకకు తగ్గినది. స్వతంత్రముగా ఆల్బము చేయువానికి ఇట్టి కథను ఎవరును తెచ్చి ఈయరు. తన నేలను తానే వెదకికొనవలెను. అందుచేతనే వానికి కష్టము ఎక్కువ.

ఇటీవలి తరములో ఎ.ఆర్. రహమాన్ కథయు ఇట్టిదే. 1992లో ‘రోజా’ చిత్రముతో తొలి యత్నముననే జాతీయ బహుమతి నందినారు. లోకము దానిని ఆకస్మికమనుకొన్నది. అంతకుముందు ఏండ్ల తరబడి మన తెలుగు సంగీత దర్శకులు రమేశ్ నాయుడు, రాజ్-కోటి మొదలగు వారి వద్ద కీబోర్డు వాయించి, వ్యాపార ప్రకటనలకు స్వరములు కట్టిన అనుభవము ఆయనకు కలదు. 1995లో ‘బొంబాయి’ సంగీతము వచ్చినప్పుడు రోజాకు సాటి లేదను మాట చెల్లలేదు.

ఇక చివరి నిదర్శనము మనలో ననేకుల ఇండ్లలో ఉదయము వినిపించు కంఠమునకు సంబంధించినది. శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి శ్రీ వేంకటేశ సుప్రభాతము 1963లో ఎల్.పీ. రికార్డుగా వెలువడినది. తెలుగునాటికి వేల మైళ్ళ దూరమున నున్న ఇండ్లకు సైతము తిరుమల తెల్లవారుజామును తెచ్చిన రికార్డు అది. దానికి మించినది ఆమె నుండి ఎవరును అడుగలేదు. అడుగు ధైర్యమును ఎవరికిని లేదు. పదునారు, పదునేడేండ్లు గడచిన పిమ్మట, అరువది దాటిన వయసున, ఆమె అన్నమాచార్య కీర్తనలను చేపట్టినారు.

ఆ కీర్తనల స్థితి మీరెరుగుదురు. తిరుమల ఆలయములోని రాగిరేకుల మీద సాహిత్యము, రాగముల పేర్లు ఉన్నవి గాని స్వరములు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మగారు మొదలు అనేక విద్వాంసులు వాటికి కొత్తగా స్వరములు కూర్చవలసి వచ్చినది. సుబ్బులక్ష్మిగారు, దేశమంతయు పూజించు స్థితిలో నుండియు, తమకంటె చిన్నవారైన నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలగు వారు స్వరపరచిన కీర్తనలను శ్రద్ధగా నేర్చుకొని పాడినారు. తెలుగు వారి మాతృభాష కాదు. ప్రతి పదమును, ప్రతి విరుపును అభ్యసింపవలసినదే. ఆ కృషి ఫలితముగా ‘బాలాజీ పంచరత్నమాల’ అను పేర అయిదు ఎల్.పీ. రికార్డులు 1980 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానముల పక్షమున వెలువడినవి. సుప్రభాతమునకు అవి సాటియా యని తూకము వేయ నవసరము లేదు. ఒకటి నిద్ర లేపును, రెండవది దినమంతయు తోడుండును.

ఈ నిదర్శనములన్నింటిని ఒకచోట చేర్చి చూచినచో నాకు తోచునది ఇది. గొప్ప ఆల్బము తరువాత మరియొక గొప్ప ఆల్బము సాధ్యమే. అయితే గెలిచినవాడు గెలిచినవానిగా కూర్చుండి చేసినచో అది అరుదు. మరల విద్యార్థియైన వానికే అది సులభముగా దొరకును. జాక్సన్‌కు 1982లో అసంతృప్తి ఆ విద్యార్థి దశను ఇచ్చినది. పింక్ ఫ్లాయిడ్‌కు శూన్యము ఇచ్చినది. రాజేశ్వరరావుగారికి కొత్త కథ ఇచ్చినది. సుబ్బులక్ష్మిగారికి వినయమే ఇచ్చినది.

ఇప్పుడు మన మాట. కేంద్ర ప్రభుత్వ కొలువులలో తెలుగునాటికి దూరముగా బ్రతుకు మనకు పాత పాట మీద మమకారము ఎక్కువ. బదిలీ మీద బదిలీ వచ్చి ఊరు మారినను, క్వార్టరు మారినను, పెట్టెలో వచ్చినది ఆ పాటయే. అందుచేత ఏ గాయకుడు మన వేదిక ఎక్కినను ఆ పాత పాటనే అడుగుదుము. అడుగుటలో తప్పు లేదు. కొత్త పాట ఎత్తుకొన్నప్పుడు కాఫీకి లేచి వెళ్ళుట మాత్రము తప్పు. మనము లేచినప్పుడు గాయకునికి ఒక పాఠము నేర్పుచున్నాము. నేర్చుకొనుట మానుము, నిన్నటి దానినే అమ్ముకొనుము అని చెప్పుచున్నాము. అట్లు వేయిమంది శ్రోతలు లేచిన చోట రెండవ గొప్ప రికార్డు పుట్టదు.

ఇది పెద్ద గాయకులకే పరిమితము కాదు. మన సంఘములోని పిల్లలను చూడుడు. ఒక ఏడు ఉగాదికి ఒక చిన్నది చక్కగా ఒక కీర్తన పాడును. అందరును మెచ్చుకొందురు. ఆనాటి నుండి సంక్రాంతికి అదే కీర్తన, దీపావళికి అదే కీర్తన, బంధువులు వచ్చినప్పుడు అదే కీర్తన. మెప్పుకు అలవాటుపడిన ఆ పసిమనసు తెలియని పాట నెత్తుకొనుటకు జంకును. కొన్నాళ్ళకు ఆ ఒక్క కీర్తనతోనే సంగీతము ముగియును. ఆ చిన్నది పాడలేకపోయినదని మనము విచారింతుము. ఆమెకు తప్పుపాడు అవకాశము మనమే ఈయలేదని తలంపము. రెండవ పాట తొలుత మొదటి దానంత బాగుగ ఉండదు. ఉండకపోవుటయే నేర్చుకొనుటకు గుర్తు.

కావున కార్యదర్శిగారికి ఒక మనవి. ఇకమీదట మన వార్షిక సభలో ప్రతి గాయకుడును, ప్రతి బాలుడును, ప్రతి బాలికయు అంతకుముందు మన వేదిక మీద పాడని పాట నొకదానిని తప్పక పాడవలెనని నియమము పెట్టుడు. అది తడబడినను మనము కదలక కూర్చుండి విందుము. చప్పట్లు పాత పాటకు ఎన్ని కొట్టినను సరే, శ్రద్ధ మాత్రము కొత్త పాటకు ఎక్కువగా ఇత్తము. ఇంటికి పోయి రికార్డు విన్నప్పుడును, మీ పిల్లలు తమ అభిమాన గాయకుని కొత్త ఆల్బము తెచ్చినప్పుడును, మొదటిసారి విని తీర్పు చెప్పక మూడుసార్లు వినుడు. ‘టస్క్’ కథ గుర్తుండిన చాలును.

ప్రక్కన శ్రుతి పూర్తియైనట్లు తోచుచున్నది. ఇంక నేను మాటలాడినచో అపశ్రుతి యగును. ఈ సాయంకాలపు పట్టికలో మీ కందరికిని తెలిసిన పాటలు అయిదున్నవి, ఎవరికిని తెలియనివి రెండున్నవి. ఆ రెండింటి సమయమున తలుపు వైపు చూడవలదని ప్రార్థించుచున్నాను.